283కు బదులు 285: క్యూఆర్ కోడ్ చదివే ప్రోగ్రాం రాసిన నా అనుభవం

నారాయణగూడలో నేను రోజూ చాయ్ తాగే ఇరానీ హోటల్ గల్లా దగ్గర అంటించిన క్యూఆర్ కోడ్‌కు కుడివైపు కింది మూల చిరిగిపోయి, మధ్యలో మరక పడి చాలా కాలమైంది. అయినా ఫోను చూపిస్తే డబ్బు సరిగ్గానే చేరుతుంది. ఆ చిరుగులో పోయిన బైట్లు ఎలా తిరిగి వస్తున్నాయో తెలుసుకోవడానికి, సిద్ధంగా దొరికే కోడ్ ఏదీ వాడకుండా, చదివే ప్రోగ్రాంను నేనే రాసుకోవాలని నిశ్చయించుకున్నాను. ఆఫీసు లేని రోజుల్లో చిక్కడపల్లి గ్రంథాలయంలో, పోటీ పరీక్షలకు చదువుకునేవారి మధ్య కూర్చుని ఆ పని చేశాను.

క్యూఆర్ కోడ్‌లోని సవరణ పద్ధతి రీడ్, సోలమన్ అనే ఇద్దరు 1960లో ప్రకటించినది. దానికి బైట్‌లో ఇమిడే 256 విలువల మధ్య కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం నాలుగూ లోటు లేకుండా జరగాలి. మామూలుగా గుణించి, 256తో భాగించగా మిగిలిన శేషం తీసుకుంటే ఈ పని జరగదు. 16ను 16తో గుణిస్తే సున్నా వస్తుంది, 2కు విలోమమే (గుణిస్తే 1 వచ్చే సంఖ్యే) ఉండదు. అదే 7 వంటి ప్రధాన సంఖ్యతో భాగిస్తే చిక్కు లేదు: 3, 5ల లబ్ధం 15, శేషం 1, కనుక 3కు విలోమం 5. (ఇటువంటి విలోమాలను రాబట్టే దారి ఆర్యభటుని కుట్టకం అనే గణిత పద్ధతిలోనే ఉందని గుర్తుకు వచ్చినప్పుడు కాసేపు పని ఆపి ఆ లెక్కలే చేసుకున్నాను.) 256 ప్రధాన సంఖ్య కాదు, 2కు ఎనిమిదో ఘాతం. అందువల్ల బైట్‌లోని ఎనిమిది బిట్లను ఒక బహుపది గుణకాలుగా భావించి, రెండు బహుపదులను గుణించి, కారణాంకాలుగా విడదీయడానికి వీలులేని ఎనిమిదో తరగతి బహుపదితో భాగించి శేషం తీసుకోవాలి. కూడిక కేవలం ఎక్సార్, అంటే రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0; తీసివేత కూడా అదే.

ఆ భాజకంగా నేను 283ను, అంటే ద్విసంఖ్యామానంలో 100011011ను, తీసుకున్నాను. 2001లో ప్రమాణంగా వచ్చిన ఏఈఎస్ గుప్తలేఖనంలో వాడేది అదే కావడంతో ఆఫీసు పనిలో నాకు పరిచయం. పైగా ఇలా నాలుగు లెక్కలూ కుదిరే సమూహం, అంటే క్షేత్రం, 256 మూలకాలతో నిర్మాణంలో ఒక్కటేనని 1893 నాటికే గణితజ్ఞుడు మూర్ నిరూపించాడు కదా, ఏ బహుపది అయితేనేమి అని ధీమాగా ఉన్నాను. నన్ను ముంచింది ఆ ధీమాయే.

గుణకారం వేగంగా జరగాలని, ప్రతి విలువా 2కు ఎన్నో ఘాతమో చెప్పే సంవర్గమాన పట్టిక తయారుచేశాను; దానితో గుణకారం ఘాతాల కూడికగా మారుతుంది. 2, 4, 8, 16లతో పరీక్షిస్తే అన్నీ సరిపోయాయి. వారం తరువాత 3ను 2తో గుణిస్తే 2 వచ్చింది. పట్టికను అచ్చు వేయించి చూస్తే 51 విలువల తరువాత మళ్ళీ మొదటికే తిరిగింది. 283 క్షేత్రంలో 2 ఘాతాలు 255 విలువలనూ చుట్టి రావు. మిగిలిన 204 గళ్ళలో నేను మొదట నింపిన సున్నాలే ఉండిపోయాయి. నేను పరీక్షించిన సంఖ్యలన్నీ 2 ఘాతాలే కనుక తప్పు కనబడలేదు.

ఆధారాన్ని 3కు మార్చాను. 3 ఘాతాలు 255నూ చుట్టి వచ్చాయి, సున్నా కాని ప్రతి సంఖ్యకూ విలోమం దొరికింది. అయినా ఒక్క గీత కూడా పడని క్యూఆర్ కోడ్‌ను ఇచ్చినా, తప్పులున్నాయనే ప్రోగ్రాం చెప్పింది. ఇది ఎంతకూ అంతుపట్టలేదు. పాత మున్సిపల్ నంబరు, కొత్త నంబరు రెండూ ఉన్న మా వీధి గుర్తుకు వచ్చాకే తట్టింది: ఇళ్ళు అవే అయినా, చీటీ రాసినవాడు ఏ నంబరు వేశాడో దానితోనే వెతకాలి. క్యూఆర్ కోడ్ వాడేది 285. 16ను 16తో గుణిస్తే 283లో 27 వస్తుంది, 285లో 29. క్షేత్రాలు ఒకదానికొకటి సమానమే, కానీ వాటిలో బైట్ల పేర్లు వేరు. పైగా 285లో 2 కూడా 255నూ చుట్టి వస్తుంది.

తప్పులున్నాయో లేదో తేల్చడానికి, చదివిన బైట్లను బహుపదిగా భావించి 2 ఘాతాల దగ్గర దాని విలువ కట్టాలి; తప్పు లేకపోతే అన్నీ సున్నా రావాలి. 285కు మార్చిన తరువాత అలాంటి పది పరీక్షల్లో తొమ్మిది సున్నా అయి, చివరిది కాలేదు. 2కు సున్నా ఘాతం నుంచి మొదలుపెట్టవలసిన చోట నేను ఒకటో ఘాతం నుంచి మొదలుపెట్టాను. అది సరిచేయడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. తప్పుల స్థానాలు కనిపెట్టే బర్లెకాంప్–మాసీ పద్ధతికి మాత్రం రెండు ఆదివారాలు పోయాయి.

అతి చిన్న క్యూఆర్ కోడ్‌లో, తప్పుల సవరణకున్న నాలుగు స్థాయిల్లో ఒకటైన ఎమ్ స్థాయికి 26 బైట్లలో 16 సమాచారం, 10 సవరణ కోసం. ఒక్కో తప్పు బైట్‌కు రెండు సవరణ బైట్లు కావాలి కనుక, గణితం ప్రకారం 5 బైట్ల తప్పులను సరిదిద్దవచ్చు, నా ప్రోగ్రాం సరిదిద్దింది కూడా. ప్రమాణం మాత్రం 4 దగ్గరే ఆగమంటుంది, మిగిలిన రెండు బైట్లను తప్పుడు సవరణ జరగకుండా కాపలాకు ఉంచుతుంది. డబ్బు చెల్లింపుల విషయంలో ఆ జాగ్రత్తే నాకు నచ్చింది.

283 పట్టికలు వృథా కాలేదు. వాటితో ఏఈఎస్‌లో ఒక బైట్ బదులు మరొక బైట్ పెట్టే పట్టికను, అంటే ఎస్‌బాక్స్‌ను, కట్టి చూశాను: 83కు విలోమం 202, ఆపై బిట్ల మార్పిడి తరువాత 237, ప్రమాణంలో ఉన్నట్టే. అయితే పట్టికలో వెతికే సమయం, ప్రాసెసర్ దగ్గరి చిన్న వేగవంతమైన జ్ఞాపకమైన కాష్ స్థితిని బట్టి మారుతుంది. ఆ తేడాను కొలిచి రహస్య తాళాన్ని ఊహించవచ్చు. అందువల్ల ఆఫీసు కోడ్‌లోకి ఆ పట్టికలను తీసుకుపోలేదు. హోటల్ గల్లా దగ్గరి కోడ్‌లో దాచవలసినదేమీ లేదు కనుక, క్యూఆర్ ప్రోగ్రాంలో 285 పట్టికలను అలాగే ఉంచాను.