నిమ్మకాయతో గ్రానైట్ షాపుకు

ఈ ఆదివారం వంటగది ప్లాట్‌ఫాం రాయికే పోయింది. అత్తమ్మకు తెల్ల మార్బులే కావాలి, పక్కింట్లో చూసినప్పటి నుంచి అదే మాట. నేను సంచిలో ఒక నిమ్మకాయ, చిన్న చాకు వేసుకుంటుంటే తమ్ముడు నవ్వాడు, "రాయి కొనడానికా అక్కా, గుడికా?" అని.

కరీంనగర్ రోడ్డు మీది షాపుల్లో నల్లగా మెరిసేదాన్నల్లా బ్లాక్ గ్రానైట్ అనే అమ్ముతారు. మొదటి షాపతను చూపించిన పలక మరీ చౌకగా ఉందనిపించి, పాలిష్ లేని వెనక వైపు చాకుతో గీశాను. తెల్లటి పొడి రాలింది. ఆ పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా బుడగలు. అంటే సున్నపురాయి, మన కడప బండ. అల్మరా అరలకు బాగుంటుంది కానీ గ్రానైట్ రేటు ఎందుకివ్వాలి? అతను "టీచరా మేడం?" అని మాత్రం అడిగాడు.

పక్క షాపులోది అసలు నల్ల రాయి. చాకుతో గీస్తే రాయికి ఏమీ కాలేదు, చాకు ఇనుమే దాని మీద వెండి గీతలా అంటుకుంది, వేలితో రుద్దితే పోయింది. నిజానికి ఇదీ గ్రానైట్ కాదు, డోలరైట్. మన గుట్టల్లో సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్ పగుళ్లలోకి శిలాద్రవం ఎక్కి గట్టిపడిన నల్ల చారలు ఇవే. గ్రానైట్ భూమి లోపల నిదానంగా చల్లారింది కాబట్టి అందులోని పలుగురాయి, ఫెల్డ్‌స్పార్, అభ్రకం అనే ఖనిజాలు విడివిడిగా కంటికి కనిపిస్తాయి. ఇది త్వరగా చల్లారింది కాబట్టి పలుకు సన్నం. ఇనుము ఎక్కువ, అందుకే బరువూ ఎక్కువే, ఘనపు అడుగు గ్రానైట్ 75 కేజీలుంటే ఇది 85 దాకా తూగుతుంది. ఒక ముక్క పక్కకు జరపబోయి తమ్ముడు నడుం పట్టుకున్నాడు. రామప్పలో నున్నటి నల్ల శిల్పాలూ ఈ జాతి రాయే, గోడలది మాత్రం ఇసుకరాయి. సన్నటి పలుకు ఉన్న రాయి కాబట్టే అంత సన్నటి చెక్కడం నిలిచిందని నాకనిపిస్తుంది.

ఇక మార్బుల్. సున్నపురాయే భూమి లోపలి వేడికీ ఒత్తిడికీ మారి మార్బుల్ అవుతుంది, కాబట్టి పులుపంటే దానికీ పడదు. గట్టితనం చెప్పే మోస్ కొలతలో మార్బుల్‌లోని కాల్సైట్ ఖనిజం 3, గ్రానైట్‌లోని పలుగురాయి 7 అని చెప్తే అత్తమ్మ వినే రకం కాదు, ఒక ముక్క మీద నిమ్మరసం వేసి కాసేపాగి తుడిచాను. మెరుపు పోయి మచ్చ పడింది. ఆమె వేలితో తడిమి చూసి, "చింతపండు పులుసు పడ్డా గింతేనా?" అంది. గింతే అత్తమ్మా. మన ఇంట్లో పులుసు లేని రోజేది?

చివరికి ఆమెకు కరీంనగర్ టాన్ బ్రౌన్ నచ్చింది, నలుపులో బెల్లం ముక్కలు చల్లినట్టు ఉంటుంది. అది నిఖార్సైన గ్రానైటే, కాకపోతే నూనె పీల్చకుండా సీలర్ కొట్టించాలి. నా ఓటు ఇప్పటికీ నల్లదానికే. సింకు కటింగుకు, అంచు గుండ్రం చేయడానికి వేరే డబ్బులంటున్నాడు షాపతను, బేరం ఇంకా తెగలేదు.