నీళ్లు కదిలితే గ్యాస్ పోతుందని ఆపాను, మళ్లీ కదిలించాను: మొక్కల ట్యాంక్, ఆరు వారాలు

నా అక్వేరియం ట్యాంక్ వివరాలు ముందే చెప్పేస్తాను, లేకపోతే కింద రాసిన అంకెలకు అర్థం ఉండదు. పొడవు 60 సెంటీమీటర్లు, వెడల్పు 30, ఎత్తు 36. మట్టి, రాళ్లు పోను నీళ్లు 52 లీటర్ల దాకా పడతాయి. కేహెచ్ (నీళ్ల కార్బొనేట్ కాఠిన్యం) 4, ఉష్ణోగ్రత 26 డిగ్రీలు. మొక్కలు: ముందు వైపు మోంటే కార్లో, వెనకాల రోటాలా, మధ్యలో క్రిప్టోకొరైన్ గుబుర్లు. 14 నియాన్ టెట్రా చేపలు, నాలుగు ఓటోలు (నాచు తినే చిన్న చేపలు), ఎనిమిది అమానో రొయ్యలు. గ్యాస్, అంటే మొక్కల కోసం వదిలే కార్బన్ డయాక్సైడ్, సిలిండర్ నుంచి వస్తుంది, దాన్ని తెరిచి మూసే సోలినాయిడ్ వాల్వ్‌కి టైమర్ ఉంది, నీళ్లలో గ్యాస్‌ని సన్నటి బుడగలుగా వదిలే పింగాణీ డిఫ్యూజర్. లైటు ఉదయం 11 నుంచి సాయంత్రం 7 వరకు.

మొదటి వారం

లైటు వెలగకముందే చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒకరోజు కాదు, వరసగా మూడు రోజులు. మొదట కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైందనుకున్నాను, కానీ గ్యాస్ సాయంత్రం 6కే ఆగిపోతోంది, రాత్రంతా లేదు, మరి పొద్దున్నే ఊపిరాడకపోవడం ఏంటి? లైటు వేసిన గంటన్నరకి, అంటే గ్యాస్ మళ్లీ ఎక్కుతున్న సమయంలో, అవే చేపలు కిందికి దిగి మామూలుగా తిరుగుతున్నాయి. గ్యాస్ సమస్యయితే దీనికి సరిగ్గా తిరగబడి ఉండాలి.

ఆక్సిజన్ టెస్ట్ కిట్‌తో కొలిచాను. ఉదయం పదిన్నరకి లీటరుకు 4 మిల్లీగ్రాములు, సాయంత్రం ఆరింటికి 9. ఇరవయ్యారు డిగ్రీల నీళ్లు గాలితో సమంగా ఉన్నప్పుడు పట్టేది 8 చిల్లర. పగలు మొక్కలు దాన్ని కూడా దాటించేస్తున్నాయి, రాత్రి ట్యాంకంతా కలిసి సగానికి తెచ్చేస్తోంది. చేపలు, రొయ్యలు సరే, చీకట్లో మొక్కలూ ఆక్సిజన్ తీసుకుంటాయి, ఫిల్టర్‌లో బ్యాక్టీరియా అయితే అమ్మోనియా నైట్రోజన్ ఒక్క మిల్లీగ్రాము నైట్రేట్‌గా మార్చడానికి నాలుగున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ లాగేస్తుంది. వాడకం ఏ ట్యాంకులోనైనా ఉంటుంది, పై నుంచి భర్తీ కాకపోవడమే నా ట్యాంకులో జబ్బు.

కారణం నేనే. గ్యాస్ వృథా కాకూడదని ఫిల్టర్ పైపు మూతిని నీళ్ల అడుగుకి దించేశాను, పైన ఒక్క అల లేకుండా అద్దంలా ఉండేది. అద్దం పక్కన కూర్చుని కింద నుంచి పైకి చూస్తే నీటి మీద సన్నటి తెట్టు కనిపించింది, లైటు పడిన చోట నూనెలా రంగులు. ఒక కాగితం రుమాలు పరిచి మెల్లగా లాగితే ఆ మేర తెట్టంతా దానికే అంటుకుని వచ్చేసింది, రెండు నిమిషాల్లో పక్కనున్నది మళ్లీ ఆ ఖాళీలోకి పాకింది. నీళ్లు కదలకపోవడం, పైన తెట్టు, రెండూ కలిసి గాలికి తలుపు మూసేశాయి.

రెండో వారం

రాత్రి 7 నుంచి ఉదయం 9 వరకు ఎయిర్ స్టోన్ (గాలి బుడగలు వదిలే రాయి) పెట్టాను, టైమర్ మీద. మూడో రోజుకి ఉదయం ఆక్సిజన్ 7. చేపలు కింద ఉన్నాయి. ఈ వారం రాయడానికి ఇంకేం లేదు.

మూడో వారం

ఉదయం బాగుపడింది, సాయంత్రం చెడింది. అయిదింటికి చూస్తే ఓటోలు అద్దం పైఅంచుకి అతుక్కుని ఉన్నాయి, మొప్పలు గబగబా ఆడుతున్నాయి, రొయ్యలు డిఫ్యూజర్‌కి దూరంగా ఒక మూలకి చేరి ఆకులు గీకడం మానేశాయి. రొయ్యలు తినడం ఆపాయంటే నాకు అదే మొదటి హెచ్చరిక, చేపల కంటే ముందు అవే చెబుతాయి. నీళ్లలో గ్యాస్ ఎంతుందో రంగుతో చెప్పే డ్రాప్ చెకర్ మాత్రం ఇంకా పచ్చగానే (సరిపడా అని) ఉంది, గంట తర్వాత పసుపుకి (ఎక్కువైందని) తిరిగింది. అందులో ద్రావణానికీ నీళ్లకీ మధ్య గాలి ఉంటుంది, గ్యాస్ దాన్ని దాటాలి, కాబట్టి అది చూపించేది ఇప్పటి సంగతి కాదు, గంట రెండు గంటల కిందటిది. వెంటనే గ్యాస్ కట్టేసి, ఎయిర్ స్టోన్ వేసి, మూడో వంతు నీళ్లు మార్చాను. అయినా రెండు రొయ్యలు పోయాయి. చాలా బాధపడ్డాను.

ఇక్కడ నన్ను కలవరపెట్టింది ఏంటంటే ఆ పూట కూడా ఆక్సిజన్ 9 ఉంది. అంటే ఆక్సిజన్ నిండుగా ఉన్న నీళ్లలోనే చేపకి ఊపిరాడలేదు. నీళ్లలో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైతే చేప రక్తంలోది మొప్పల నుంచి బయటికి పోదు, రక్తంలో అది పేరుకుంటే హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ని గట్టిగా పట్టుకోలేదు. డెన్మార్క్ శరీరధర్మ శాస్త్రవేత్త క్రిస్టియన్ బోర్ 1904లో చెప్పిన విషయం ఇదే. ఇంతకాలం నేను ఈ రెండు వాయువుల్నీ తక్కెడలా ఊహించుకున్నాను, ఒకటి ఎక్కితే ఇంకొకటి దిగుతుందని. అలా కాదు, నీళ్లలో రెండూ వేటికవే కరుగుతాయి, రెండూ ఎక్కువ ఉండొచ్చు, రెండూ తక్కువ ఉండొచ్చు. అందుకే ఇప్పుడు చేపలు పైకొస్తే ముందు గడియారం చూస్తాను: లైటుకి ముందైతే ఆక్సిజన్ అనుమానం, గ్యాస్ మొదలైన కొన్ని గంటలకైతే కార్బన్ డయాక్సైడ్ అనుమానం.

నాలుగో వారం

ఊహలు మానేసి గంట గంటకీ పీహెచ్ రాసుకున్నాను. గ్లాసు నీళ్లు పక్కన తీసి ఎయిర్ స్టోన్‌తో మిగులు గ్యాసంతా పోగొడితే 7.6. పీహెచ్ ఒకటి తగ్గితే కార్బన్ డయాక్సైడ్ పది రెట్లు పెరిగినట్టు, నేను పెట్టుకున్న హద్దు ఆ పది రెట్లే, కాబట్టి 6.6 దగ్గర ఆగాలి. కేహెచ్, పీహెచ్ బట్టి కార్బన్ డయాక్సైడ్ ఎంతో చెప్పే పట్టిక ప్రకారం కూడా కేహెచ్ 4కి అది 30 పీపీఎమ్ (లీటరుకు 30 మిల్లీగ్రాములు). ట్యాంకులో చెక్క దుంగ లేదు కనుక ఆ పట్టికని నమ్ముతున్నాను. దుంగ నుంచి దిగే ఆమ్లాలు కూడా పీహెచ్ తగ్గిస్తాయి, అప్పుడు లెక్క తప్పుతుంది.

గ్యాస్ లైటుతోపాటే 11కి, సెకనుకు రెండు బుడగలు. 11కి 7.3, ఒంటిగంటకి 6.9, మూడింటికి 6.6, అయిదింటికి 6.4, ఆరింటికి 6.3. అంటే లైటు వెలిగిన మొదటి నాలుగు గంటలూ మొక్కలకి చాలలేదు, చివరి గంటల్లో చేపలకి ఎక్కువై 60 పీపీఎమ్‌కి చేరింది. ఎక్కడా నిలకడ లేదు, ఎందుకంటే లోపలికి పోసినది బయటికి పోయే దారి దాదాపు లేదు. రోటాలా కింది ఆకుల మీద నాచు ఎందుకు పడుతోందో కూడా అప్పుడు అర్థమైంది.

అయిదో వారం

ఫిల్టర్ పైపు పైకి లేపాను, నీటి పైన అంతటా చిరు అలలు లేచేటంత, నీళ్లు ఎగిరిపడి చప్పుడు చేసేంత కాదు. తెట్టు లాగే స్కిమ్మర్ ఒకటి తగిలించాను. గ్యాస్ 9కే మొదలు, సాయంత్రం 6కి ఆపు. రెండు బుడగలతో పీహెచ్ 7.0 దగ్గర ఆగిపోయింది, అంటే 12 పీపీఎమ్, తక్కువే, కానీ ఆగింది, రోజంతా అక్కడే నిలిచింది! ఇక చేయాల్సింది గ్యాస్ పెంచడమే. రెండు రోజులకోసారి ఒక్కో బుడగ, అదీ నేను రోజంతా ఇంట్లో ఉండే రోజుల్లోనే. మూడు బుడగలకి 6.8, నాలుగుకి 6.7, సుమారు అయిదుకి 6.6. ఈ బుడగల లెక్క మీ ట్యాంకుకి పనికిరాదు, డిఫ్యూజర్ మారినా నీళ్ల కదలిక మారినా మారిపోతుంది, పీహెచ్ తగ్గుదలే పట్టుకోండి.

గ్యాస్ ఖర్చు మూడు రెట్లు దాటింది, నిజమే. చేపల్ని చూస్తే నాకది నష్టమనిపించడం లేదు.

ఆరో వారం

9కి 7.5, 11కి లైటు వెలిగేసరికి 6.6, ఆరింటిదాకా అదే. ఆక్సిజన్ ఉదయం 7, సాయంత్రం 9. రాత్రి ఎయిర్ స్టోన్ తీసేసి చూశాను, ఉదయం 7 కాస్తా 6.5 అయింది, అలలే చాలా వరకు పని చేసేస్తున్నాయి, అయినా వేసవికని స్టోన్ ఉంచుతున్నాను, వేడెక్కిన నీళ్లు ఆక్సిజన్ తక్కువ పట్టుకుంటాయి, చేపలకేమో అప్పుడే ఎక్కువ కావాలి.

మధ్యాహ్నం రెండున్నరకి మోంటే కార్లో మీద ముత్యాల్లా బుడగలు కట్టాయి, ఒక్కో ఆకు చివర ఒకటి, ఉబ్బి, ఊగి, తెగి పైకి. నీళ్లు మార్చిన వెంటనే కనిపించే బుడగలు వేరు, అవి కుళాయి నీళ్లలో ఒత్తిడికి ఇరుక్కున్న గాలివి, రాళ్ల మీద కూడా కడతాయి. ఇవి ఆకు చేసిన ఆక్సిజన్, నీళ్లలో ఇక కరగలేక బయటపడింది. డచ్ శాస్త్రవేత్త యాన్ ఇంగెన్‌హౌజ్ 1779లో నీళ్లలో ముంచిన ఆకుల మీద చూసినవి ఇవే, వెలుతురులోనే వస్తాయనీ చీకట్లో మొక్కలు గాలిని చెడగొడతాయనీ గమనించిందీ ఆయనే. అర్ధగంట అలాగే కూర్చుండిపోయాను.

నిన్న రోటాలా సగానికి కత్తిరించాను. మొక్కలు తగ్గితే గ్యాస్ వాడకం తగ్గుతుంది, పాత లెక్క అలాగే ఉంచితే పీహెచ్ 6.6 కిందికి జారొచ్చు, అందుకని వాల్వ్ కొంచెం బిగించాను. రేపు మళ్లీ గంట గంటకీ కొలవాలి.