ఎనిమిదో ప్రశ్న

చంద్రగిరి దగ్గరి ఉన్నత పాఠశాలలో పదో తరగతికి లెక్కలు చెబుతాను. రెండేళ్ళ కిందట, సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరిచిన రోజున, పిల్లలందరూ స్వెటర్లు వేసుకుని ముడుచుకుని కూర్చున్న మొదటి గంటలో, నా మెడ వెనక మొదలైన వేడి ఆవిరి చెవుల మీదుగా ముఖానికి పాకింది. నిమిషంలో రవిక తడిసిపోయింది. చేతిలోని సుద్దముక్క చెమటకు మెత్తబడి జారిపోయింది. పైటతో ముఖం తుడుచుకుని పాఠం కొనసాగించాను కానీ, చెంపలకు సుద్ద అంటుకున్న సంగతి ముందు బెంచీ పిల్ల చెప్పేదాకా తెలియలేదు.

అప్పటికి నాకు 48 ఏళ్ళు. అంతకు ముందు సంవత్సరం నుంచే నెలసరి గతి తప్పింది. ఒకసారి రెండు నెలలు రాలేదు, మరోసారి పన్నెండు రోజులు ఆగలేదు. అప్పుడు చూపించుకున్న ఒక ఆసుపత్రిలో స్కానింగు కాగితం పూర్తిగా చదవకముందే గర్భసంచి తీసేస్తే ఈ గొడవంతా వదిలిపోతుందన్నారు. మా ఆడబిడ్డకు 38 ఏళ్ళకే గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేశారు. గొడవ వదలడం మాట అటుంచి, ఆవిర్లూ నడుం నొప్పీ ఆమెకు ఆ నెల నుంచే మొదలయ్యాయి. అది కళ్ళారా చూసినదాన్ని కనుక ఆలోచించుకుని వస్తామని చెప్పి ఇంటికి వచ్చేశాను.

మా అమ్మ మాత్రం, "ముట్లుడిగే ముందర అందురికీ ఉండేదే లేమ్మా, మేమేమన్నా ఆసుపత్రులకు పోయినామా" అని తేల్చేసింది. ఆమె మాట పట్టుకుని ఏడాది గడిపాను. రాత్రి రెండు గంటలకు మెలకువ వచ్చేది. నేను ఫ్యాను వేస్తే మావారు దుప్పటి తల మీదికి లాక్కునేవారు. అది చూడలేక వరండాలోకి వెళ్ళి కడప బండల మీద పడుకునేదాన్ని. పగలు మార్కుల జాబితాలో కూడికలు తప్పేవి, ఊరికే ఏడుపు వచ్చేది. ఏటా అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కే నేను, ఆ యేడు గాలిగోపురం దగ్గరే మోకాళ్ళు పట్టుకుని కూర్చుండిపోయాను.

చివరికి తిరుపతిలోనే మరో డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమె ముందుగా నా చేతికి ఒక కాగితం ఇచ్చారు. మెనోపాజ్ రేటింగ్ స్కేల్ అని, ముట్లుడిగే దశలో వచ్చే బాధలను కొలవడానికి 1990ల మొదట్లో జర్మనీలో తయారైన ప్రశ్నావళి అది. ఆవిర్లు, గుండె దడ, నిద్ర, దిగులు, చిరాకు, ఆందోళన, నీరసం, దాంపత్యం, మూత్రం ఇబ్బందులు, యోని పొడిబారడం, కీళ్ళ నొప్పులు అని మొత్తం 11 అంశాలు. ఒక్కొక్కదానికి బాధను బట్టి 0 నుంచి 4 దాకా, అంటే 44 మార్కులు. 17 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే తీవ్రమైనట్టు లెక్క. ఇందులో మార్కులు ఎంత తక్కువ వస్తే అంత మేలు. నాకు 24 వచ్చాయి.

ఆమె కాగితం చూసి, "ఎనిమిదోది వదిలేసినారే టీచరమ్మా, రాయని ప్రశ్నకు మీరు మార్కులు వేస్తారా?" అన్నారు. దాంపత్యం గురించిన ప్రశ్న అది. తల దించుకుని 3 వేశాను. మొత్తం 27 అయింది. పదో అంశానికి 4 వేసినదాన్ని, దానికి తోబుట్టువులాంటి ఎనిమిదో దాని దగ్గర ఎందుకు ఆగిపోయానో ఇప్పటికీ చెప్పలేను.

హిమోగ్లోబిన్ 8.9 మాత్రమే ఉంది. థైరాయిడ్ బాగానే ఉంది. రక్తస్రావం ఎక్కువైంది కాబట్టి గర్భసంచి లోపొర ముక్క తీసి పరీక్షకు పంపారు, రొమ్ములకు మామోగ్రాం తీయించారు. దేనిలోనూ భయపడవలసింది కనిపించలేదు. ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోను తగ్గినప్పుడు, మెదడులో ఒంటి వేడిని అదుపు చేసే హైపోథాలమస్ అనే భాగం చిన్న తేడాకే ఉలిక్కిపడి చెమటలు పట్టిస్తుందని ఆమె వివరించారు. మన దేశంలో సగటున 46, 47 ఏళ్ళకే నెలసరి ఆగిపోతుందని కూడా చెప్పారు. హార్మోన్ల మందులు వాడదామన్నప్పుడు, వాటితో క్యాన్సర్ వస్తుందంటారు గదా అని అడిగాను. అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో బయటికి రావడంతో ఆ భయం మొదలైందని, 60 ఏళ్ళ లోపు, నెలసరి ఆగిన పదేళ్ళ లోపు ఆరోగ్యంగా ఉన్నవారికి సాధారణంగా నష్టం కన్నా మేలే ఎక్కువని తరువాత తేలిందని అన్నారు. గర్భసంచి ఉంది కనుక లోపొర మందంగా పెరగకుండా ప్రొజెస్టెరాన్ అనే మరో హార్మోను మాత్రలు కూడా తప్పవన్నారు. చర్మానికి రాసుకునే ఈస్ట్రోజెన్ జెల్, ఆ మాత్రలు, ఐరన్ మొదలుపెట్టాను. సాయంత్రం కాఫీ మానడమే అన్నిటికన్నా కష్టమైంది. రాగిసంగటి తినమంటే మాత్రం నవ్వు వచ్చింది. అది ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్ళకు ఒకరు చెప్పాలా?

మూడు వారాలకు ఆవిర్లు పలచబడ్డాయి. నిద్ర రెండు నెలలకు గానీ కుదురుకోలేదు. మోకాళ్ళు ఇంకా పూర్తిగా మాట వినవు. మావారికి ఆ కాగితం చూపించి, ఒక్కొక్క అంశమూ చదివి వినిపించాను. అంతా విని, లేచి వెళ్ళి ఫ్యాను రెగ్యులేటరును ఆయనే తిప్పారు. ఆరు నెలల తరువాత మళ్ళీ మార్కులు వేస్తే 11 వచ్చాయి, ఎనిమిదో దానికి 2.

మొన్న స్టాఫ్ రూములో మా సైన్సు మేడమ్ కిటికీ దగ్గర నిలబడి హాజరు పట్టీతో విసురుకుంటూ ఉంటే, సంచిలో ఉన్న జిరాక్స్ కాగితం తీసి ఇచ్చాను. మరునాడు పది అంశాలకు మార్కులు వేసి తెచ్చింది. ఎనిమిదోది ఖాళీగా ఉంది.