గురువారం నాలుగింటికి

మా పాత ఆఫీసులో ఒకసారి నాకు అవార్డు ఇచ్చారు. స్టేజి మీదకు పిలిచి, చప్పట్లు కొట్టించి, ఫొటో తీసి, సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. దాని మీద నా పేరు తప్పు పడింది. అప్పటికి నాలుగేళ్ళుగా అక్కడే పని చేస్తున్నాను. అంతకు రెండు వారాల ముందు అమ్మకి ఆపరేషన్ అయితే ఐదు రోజులు సెలవు పెట్టి తిరిగి వెళ్ళాను, వెళ్ళగానే మా మేనేజర్ అడిగిన మొదటి మాట "ఆ రిపోర్ట్ ఇవాళ అయిపోతుంది కదా?" అని. అమ్మకి ఎలా ఉందని సాయంత్రం దాకా ఒక్కరూ అడగలేదు. ఆయన చెడ్డ మనిషి కాదు, నా జీతం పెంచమని పైవాళ్ళతో గట్టిగా మాట్లాడింది కూడా ఆయనే. కానీ ఆ రోజు బాగా బాధేసింది. నా పని అందరికీ కనిపిస్తోంది, నేను మాత్రం కనిపించడం లేదు.

మెచ్చుకోవడం వేరు, మనిషిగా చూడటం వేరు. మెచ్చుకోలు పని బాగా జరిగినప్పుడే వస్తుంది. మనసు బాగోక, ఒంట్లో ఓపిక లేక, చేతిలో పని ముందుకు కదలని నెల ఒకటి అందరికీ వస్తుంది కదా, అప్పుడు మనతో ఎలా మాట్లాడతారో చూస్తే తెలిసిపోతుంది అక్కడ మనకెంత విలువ ఉందో.

తర్వాతి ఉద్యోగంలో మా టీమ్ లీడ్ ఒకావిడ. చేరిన రెండు నెలలకు నన్ను పక్కకు పిలిచి, "ప్రతి గురువారం నాలుగింటికి ఫోన్ పట్టుకుని బయటికి వెళ్తున్నారు, వచ్చాక ముఖం వేరేగా ఉంటోంది. ఏదైనా ఇబ్బందైతే చెప్పండి, చెప్పాలని లేకపోయినా పర్లేదు" అన్నారు. అది అమ్మ టెస్టుల రిపోర్టులు వచ్చే టైమ్. చెప్పాను. ఆవిడ సలహాలివ్వలేదు, ధైర్యం చెప్పలేదు, విన్నారంతే. మర్నాడు చూస్తే గురువారం నాలుగున్నరకి ఉండే మీటింగ్ బుధవారానికి మారింది. ఎందుకు మారిందో టీమ్‌లో ఎవరికీ చెప్పలేదు. నాకు ఆవిడ మీద గౌరవం కలిగింది ముఖ్యంగా ఆ చెప్పకపోవడం వల్లే.

గ్యాలప్ సంస్థ ఉద్యోగుల సర్వేల్లో అడిగే 12 ప్రశ్నల్లో ఐదోది సరిగ్గా ఇదే: ఇక్కడ మీ పై అధికారి గానీ, ఇంకెవరైనా గానీ మిమ్మల్ని ఒక మనిషిగా పట్టించుకుంటున్నారా? ఆ "ఇంకెవరైనా" అన్న మాట నాకు చాలా నచ్చింది. పక్క సీటులో కూర్చునే వాళ్ళైనా చాలు. ఇది కొత్తగా కనిపెట్టిన సంగతేం కాదు. 1924 నుంచి 1932 దాకా అమెరికాలో షికాగో దగ్గరున్న హాథార్న్ ఫ్యాక్టరీలో జరిగిన ప్రయోగాల గురించి మేనేజ్‌మెంట్ చదివినవాళ్ళందరికీ తెలుసు, లైట్ల వెలుతురు పెంచితే పని పెరుగుతుందా అని మొదలుపెట్టినవి. ఆ ప్రయోగం మీద వాదాలు ఇప్పటికీ ఉన్నాయి, వాటిని వదిలేద్దాం. అక్కడే 20 వేల మందికి పైగా కార్మికులతో మాట్లాడారు, నాకు ముఖ్యం అనిపించేది అది. మొదట ప్రశ్నల పట్టిక పెట్టుకుని అడిగారట. వాళ్ళేమో అడిగినదాన్ని వదిలేసి తమ మనసులో ఉన్నది చెప్పేవాళ్ళు. దాంతో పట్టిక పక్కన పెట్టి, వాళ్ళు చెప్పదలచుకున్నది చెప్పనిచ్చారు. అరగంటలో అయిపోయే మాటలు గంటన్నర దాకా సాగాయి. వినేవాళ్ళు దొరికితే మనుషుల దగ్గర చెప్పడానికి అంత ఉంటుంది.

ఇప్పుడు నా కింద నలుగురు పని చేస్తున్నారు. మొన్న ఒక ఫైల్ కోసం మా టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయితో చాట్ వెనక్కి జరుపుతూ పోయాను. మూడు నెలల చాట్‌లో నేను పంపినవన్నీ ఇవే: "స్టేటస్?" "అయిందా?" "ఎప్పటికి పంపుతారు?" చదువుతుంటే గుండె కలుక్కుమంది. నాకు రిపోర్ట్ గురించి అడిగిన ఆ మేనేజర్ లాగే నేనూ తయారయ్యాను, అదీ ఇంత తెలిసి. మర్నాడు ఆ అమ్మాయితో కాసేపు కూర్చుని, పని సంగతి ఎత్తకుండా, ఎలా ఉన్నారు, ఇక్కడ ఎలా అనిపిస్తోంది అని అడిగాను. మొదట బావుందనే చెప్పింది. కాసేపు ఆగి, "నెల రోజుల నుంచి ఒక్క రోజు సెలవు అడుగుదామనుకుంటున్నానండీ, మీరు పని టెన్షన్‌లో ఉన్నారని ఆగాను" అంది.

ఆ శుక్రవారమే తీసుకోమన్నాను. ఎందుకో తను చెప్పలేదు, నేనూ అడగలేదు. తన పనిలో సగం నేను చేశాను, మిగతాది సోమవారం తనొచ్చి పూర్తి చేసింది.