పదకొండో నరం

మెడ కుడి పక్కన, చెవికీ భుజానికీ మధ్య ఉసిరికాయంత బిళ్ల కట్టింది. నొప్పేం లేదు. మా నాయనమ్మ ఉండుంటే గండమాల అనేది. సూది పరీక్షలో తేలకపోయేసరికి, బిళ్ల తీసి పంపుదామన్నారు. అరగంట పని, మూడు కుట్లు. టీబీ అని వచ్చింది, ఆరు నెలల మందులు రాశారు. మాత్రలు మొదలెట్టాక మూత్రం నారింజ రంగులో వస్తే హడలిపోయాను గానీ, ఆ జబ్బు కథ మామూలుగానే నడిచి ముగిసింది. నా గొడవంతా ఆ మూడు కుట్లతోనే.

కుట్లు విప్పాక హ్యాండ్‌బ్యాగు భుజాన నిలవడం మానేసింది. ఎగదోస్తే మళ్లీ జారేది. నేను లెక్కల టీచర్ని. బోర్డు పైవరసలో తేదీ వెయ్యబోతే చెయ్యి భుజం ఎత్తు దాటలేదు. జడ వెయ్యడం మా అమ్మాయి పనైంది. రాత్రిళ్లు కుడి రెక్కకు ఇసుక మూట వేలాడదీసినట్టు ఒకటే లాగుడు. కమ్మ పెట్టుకుంటుంటే తమ్మె మొద్దుబారి, పరాయి మనిషి చెవికి పెడుతున్నట్టుండేది.

బిళ్ల తీసినచోట అడిగితే, "కోసిన వాపమ్మా, సర్దుకుంటుంది" అన్నారు. ఇంకోచోట భుజం పట్టేసిందన్నారు. మూడు నెలలు గోడ మీద వేళ్లు పాకించాను. ఒక్కరూ నా వీపు చూడలేదు.

చూసింది నాలుగో నెలలో ఒక నరాల సర్జన్. అద్దానికి వీపు పెట్టి నిలబెట్టి, చేతికి ఇంకో అద్దం ఇచ్చారు. కుడి రెక్క ఎముక పక్కకు జారి, అంచు లేచి ఉంది. మెడ నుంచి భుజానికి దిగే కండ ఉండాల్సినచోట గుంట.

కాగితం మీద గీసి చెప్పారు. మెడలో ఎముకలు 7, నరాల జతలు 8. లెక్క ఎక్కడ తప్పిందని అడక్కుండా ఉండలేకపోయాను. మొదటి జత మొదటి ఎముకకు పైనుంచే వచ్చేస్తుందట. నాకు తెగింది మాత్రం వీటిలోది కాదు, మెదడు నరాల 12 జతల్లో పదకొండోది. దాని నడకే వింత. మెడలోని వెన్నుపాములో పుట్టి, పుర్రెలోకి ఎక్కి, వేరే కన్నంలోంచి మళ్లీ మెడలోకే దిగుతుంది. తల తిప్పే కండకు ఓ కొమ్మ ఇచ్చి, ఆ కండ వెనకంచు నుంచి బయటపడి, చర్మం కిందనే, బిళ్లల పక్కనుంచే భుజం కండకు పోతుంది. కత్తి పడింది ఆ దారిలో. తల తిప్పే కొమ్మ అప్పటికే విడిపోయింది కనక నా తల బాగానే తిరిగింది. రెక్కను పైకి లాగే ఇంకో కండకు వేరే నరాలున్నాయి కనక భుజం కాస్త ఎగిరింది. అక్కడే అందరూ పొరబడ్డారు. చెవి తమ్మెకు పోయే నరం కూడా ఆ అంచు దగ్గరే మలుపు తిరుగుతుంది, దానికీ దెబ్బ తగిలింది.

ఐదో నెలలో ఆపరేషన్. తెగిన కొసలు అందక, పిక్క వెనకనుంచి నరం ముక్క తీసి అతికారు. ఆ పాదం బయటి అంచు ఇప్పటికీ మొద్దే. నరం రోజుకు దాదాపు ఒక మిల్లీమీటరు పెరుగుతుందన్నారు. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిచాను, 12 సెంటీమీటర్లు. లెక్క ప్రకారం నాలుగు నెలలు. పట్టింది తొమ్మిది. జడ వేస్తూ మా అమ్మాయి దువ్వెన ఆపి, "అమ్మా, ఇక్కడేదో కదిలింది" అంది.

నరం తెగిందని నాకు కోపం లేదు, అంత పైపైన పోయే నరమది. కోపమల్లా "సర్దుకుంటుంది" అన్న మాట మీదే. అతకడానికి మంచి నెలలు ఆ మాటలోనే పోయాయి.

రెండేళ్లయింది. బ్యాగు నిలుస్తోంది. జడ సగం నేనే అల్లుకుంటున్నాను. బోర్డు మీద తేదీ మాత్రం ఇంకా తొమ్మిదో తరగతి లీడరే వేస్తోంది. ఆ పిల్ల రాని రోజు మా క్లాసులో తేదీ ఉండదు.