పాత పోలో జీటీ టీఎస్‌ఐ కొనేముందు సెల్లార్ ర్యాంపు ఎక్కించి చూడండి

ఎవరైనా ఫోక్స్‌వ్యాగన్ వారి పాత పోలో జీటీ టీఎస్‌ఐ కారు చూడడానికి తోడు రమ్మంటే, ఆ అపార్ట్‌మెంటులో సెల్లార్ పార్కింగు ఉందా అని ముందుగా అడుగుతాను. ఉంటే, ఇంజను వేడెక్కాక కారును రివర్సులో ర్యాంపు మీదికి ఎక్కించమని యజమానిని కోరుతాను. తరువాత చదునైన చోట ఆపి, యాక్సిలరేటరు తాకకుండా బ్రేకు మీది నుంచి కాలు మెల్లగా తీయమంటాను. క్లచ్‌లు బాగున్న బండి ఈ రెండు పనులనూ ఏ చప్పుడూ లేకుండా చేస్తుంది. అరిగిపోయిన బండి స్టీరింగు పట్టుకున్న చేతికి తెలిసేంతగా వణుకుతుంది. ఈ కారు విషయంలో ఓడోమీటరు అంకె కంటే ఈ పది నిమిషాల పరీక్షే నాకు ఎక్కువ చెబుతుంది.

నా కారు 2016 నాటిది. 2021లో హైదరాబాదులో ఒక పాత కార్ల వ్యాపారి దగ్గర కొన్నాను. అప్పటికి 48,000 కిలోమీటర్లు తిరిగింది. పోలో మన దేశంలోకి 2010లో వచ్చింది, పుణె దగ్గరి చాకన్‌లో తయారైంది. 2013లో వచ్చిన జీటీ టీఎస్‌ఐలో 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోలు ఇంజను, ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్సు ఉండేవి. నాలుగు మీటర్లలోపు పొడవున్న కారులో 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం), వాటికి తోడు రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు (అదే డీఎస్‌జీ) దొరకడం ఆనాడు చాలా అరుదైన సంగతి. నాకు ఈ కారు మీద మక్కువ కలిగింది కూడా అందుకే.

ఆ మక్కువకు అర్థం ఏమిటో శ్రీశైలం దారిలో తెలిసింది. కల్వకుర్తి, అచ్చంపేట దాటి మన్ననూరు గేటు దగ్గర అడవిలోకి ప్రవేశించాక రోడ్డు నిదానంగా మలుపులు తిరుగుతూ పోతుంది. అసలు ఘాటు రోడ్డు డ్యాము దగ్గరకు దిగేటప్పుడు, దాన్ని దాటి మళ్ళీ పైకి ఎక్కేటప్పుడు వస్తుంది. ఈ ఇంజనుకు 1,500 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గరే పూర్తి టార్క్ అందుతుంది కాబట్టి, మలుపు ముందు వేగం తగ్గించి బయటికి వస్తూ యాక్సిలరేటరు తొక్కిన క్షణంలోనే బండి ముందుకు లాగుతుంది. గేరు లీవరును పక్కకు జరిపి మనమే గేర్లు మార్చుకుంటే, ఎప్పుడు మారిందో చెవికి తప్ప ఒంటికి తెలియదు, ఎందుకంటే ఒక క్లచ్ పనిచేస్తుండగానే రెండోదాని మీద తరువాతి గేరు సిద్ధంగా ఉంటుంది. ఎదురుగా బస్సు రాని నిడుపాటి చోటు దొరికితే, ముందున్న లారీని దాటడానికి లెక్కలు వేసుకోవలసిన అవసరం ఉండదు. ఔటర్ రింగు రోడ్డు మీద ఏడో గేరులో వంద వేగంతో వెళుతుంటే ఇంజను సుమారు రెండు వేల ఆర్‌పీఎం దగ్గర నిశ్శబ్దంగా తిరుగుతుంది. నాలుగేళ్ళయినా శ్రీశైలం దారిలో ఈ బండి నడపడం నాకు విసుగు పుట్టలేదు.

బాడీ గట్టిదనం గురించి చాలామంది చెబుతారు, అది నిజమే. తలుపు వేసినప్పుడు వచ్చే ఆ బరువైన చప్పుడు తొమ్మిదేళ్ళ తరువాత కూడా మారలేదు, గతుకుల మీద డ్యాష్‌బోర్డు కిరకిరలాడదు. అయితే గట్టిదనాన్ని చప్పుడుతో కొలవకూడదు. 2014 జనవరిలో కార్ల భద్రతను పరీక్షించే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు కార్లను గుద్దించి పరీక్షించినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు పెద్దల రక్షణలో ఒక్క నక్షత్రం కూడా రాలేదు. రెండు ఎయిర్‌బ్యాగులున్న పోలోకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. ఎయిర్‌బ్యాగులు లేని రకాన్ని కంపెనీ ఆ వెంటనే ఆపేసింది. జీటీ టీఎస్‌ఐలో ఎయిర్‌బ్యాగులతో పాటు, బండి పట్టు తప్పి జారకుండా చూసే ఈఎస్‌పీ, ఎత్తు మీద వెనక్కి జారకుండా ఆపే హిల్ హోల్డ్ కూడా ఉంటాయి. వర్షంలో ఘాటు ఎక్కి దిగేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది.

ఇక ఫిర్యాదుల సంగతికి వస్తే, ఘాటులో సుఖాన్నిచ్చిన ఆ గేర్‌బాక్సే ఈ కారుకున్న పెద్ద దిగులు కూడా. దీని పేరు డీక్యూ200. ఇందులో రెండు క్లచ్‌లూ పొడివి, అంటే వాటిని చల్లబరచడానికి నూనె ఉండదు. ఒకటి ఒకటి, మూడు, ఐదు, ఏడు గేర్లను చూసుకుంటే, రెండోది రెండు, నాలుగు, ఆరు గేర్లనూ రివర్సునూ చూసుకుంటుంది. వీటిని నడిపించే వాల్వులూ ఎలక్ట్రానిక్ భాగమూ కలిసిన పెట్టెను మెకట్రానిక్ అంటారు. ఖాళీ రోడ్డు మీద క్లచ్‌లు పూర్తిగా పట్టుకుని ఉంటాయి కాబట్టి పెద్దగా అరుగుదల ఉండదు. మియాపూర్ నుంచి హైటెక్ సిటీకి ఉదయం తొమ్మిదిన్నరకు బయలుదేరితే మాత్రం కథ వేరు. గంటసేపు అడుగు కదిలి అడుగు ఆగుతూ పోయే బండిలో క్లచ్ సగం పట్టి, సగం జారుతూ, వేడెక్కుతూ ఉంటుంది. అలా అయిదేళ్ళు తిరిగిన బండి మొదటి గేరు నుంచి రెండో గేరుకు మారేటప్పుడు వణకడం మొదలుపెడుతుంది.

ఈ గేర్‌బాక్సు మీద అనుమానాలు మన దేశానికే పరిమితమైనవి కావు. 2013 మార్చిలో చైనాలో డీఎస్‌జీ లోపాల కారణంగా 3,84,181 కార్లను వెనక్కి పిలిపించారు. అదే ఏడాది నవంబరులో ప్రపంచవ్యాప్తంగా ఏడు గేర్ల డీఎస్‌జీలో గేర్లకు వాడిన సింథటిక్ నూనెను మార్చి, మినరల్ నూనె పోయడానికి మరో పెద్ద రీకాల్ జరిగింది. తరువాత వచ్చిన బండ్లలో మార్పులు చేశారు గాని, వారంటీ దాటిన కారులో మెకట్రానిక్ మార్చవలసి వస్తే ఖర్చు లక్ష దాటిపోతుంది. పాత కారు ధరలో అది చిన్న వాటా కాదు. కొనేవాళ్ళు ఆ మొత్తాన్ని పక్కన పెట్టుకునే బేరం మొదలుపెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

నాకు ఎదురైన చిక్కు మాత్రం వేరే దారిలో వచ్చింది. కొన్న ఆరు నెలలకు ఒక ఉదయం గేరు గుర్తు మిణుకుమిణుకుమంటూ వెలిగి, బండి కదలనని మొరాయించింది. ఒక వర్క్‌షాపుకు తీసుకెళితే, బానెట్టు కూడా సరిగా తెరవకుండానే మెకట్రానిక్ పోయిందన్నారు. మనసొప్పక మరో మెకానిక్ దగ్గరకు వెళ్ళాను. ఆయన ల్యాప్‌టాప్ తగిలించి, కారు కంప్యూటరులో నమోదైన లోపాల కోడ్లు చదివి, "అన్నా, ఈ బ్యాటరీ ఎవరు వేశారు?" అని అడిగారు. పాత యజమాని ఈ కారుకు చాలని చిన్న బ్యాటరీ వేయించి అమ్మేశారు. స్టార్టు చేసేటప్పుడు ఓల్టేజి పడిపోయి, గేర్‌బాక్సు కంప్యూటరు తనను తాను కాపాడుకుంటూ ఆగిపోయింది. తగిన బ్యాటరీ వేశాక ఆ గుర్తు మళ్ళీ వెలగలేదు.

అదే ల్యాప్‌టాప్‌లో ఇంకొక విషయం బయటపడింది. పాత యజమాని ఇంజను ఈసీయూను (ఇంజనును నడిపే కంప్యూటరును) రీమ్యాప్ చేయించి ఉన్నారు, అంటే శక్తి పెంచడానికి దాని సాఫ్ట్‌వేరు మార్పించారు. వ్యాపారి ఆ సంగతి నాకు చెప్పలేదు. డీక్యూ200 గేర్‌బాక్సు గరిష్ఠంగా 250 న్యూటన్ మీటర్ల టార్క్ వరకే తయారైంది. కంపెనీ ఇచ్చిన 175 దగ్గర దానికి మంచి వెసులుబాటు ఉంటుంది, రీమ్యాప్ ఆ వెసులుబాటును తినేస్తుంది. నేను కంపెనీ సాఫ్ట్‌వేరునే తిరిగి వేయించుకున్నాను. ఇలాంటి కారు కొనేవాళ్ళు ఇచ్చే డబ్బులో రెండు మూడు వేలు స్కాను కోసం ఖర్చు పెట్టడానికి వెనకాడకూడదు.

మిగిలిన ఫిర్యాదులు చిన్నవి, కాని రోజూ ఎదురయ్యేవి. వెనక సీటు ఇరుకు. మా అమ్మ విజయవాడ దాకా ఒకసారి కూర్చుని, ఆ తరువాత ఊరికి వెళ్ళాలంటే ముందు సీటే కావాలన్నది. అయిదుగురు ఎక్కి డిక్కీ నింపితే కాలనీల్లోని స్పీడు బ్రేకర్లకు బండి అడుగుభాగం తగులుతుంది. కాగితం మీద లీటరుకు 17.21 కిలోమీటర్లు ఉన్నా, నాకు నగరంలో పదీ పదకొండు, హైవేలో పదహారు వస్తుంది. ఇంజను నూనె ఫోక్స్‌వ్యాగన్ 502 00 ప్రమాణానికి సరిపోయేదే పోయాలి. పాత యజమాని దగ్గరి బిల్లుల్లో ఈ అంకె కనబడకపోతే, ఎందుకు లేదో అడగండి.

2020లో బీఎస్6 కాలుష్య నిబంధనలతో 1.2 ఇంజనూ డీఎస్‌జీ గేర్‌బాక్సూ రెండూ వెళ్ళిపోయాయి. వాటి స్థానంలో మూడు సిలిండర్ల 1.0 టీఎస్‌ఐ, 110 పీఎస్ శక్తితో, ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (పొడి క్లచ్‌ల బదులు ద్రవం ద్వారా శక్తిని అందించే) ఆటోమేటిక్‌తో వచ్చింది. 2022లో పోలో అమ్మకాలే ఆగిపోయాయి. దిగులు లేకుండా రోజూ ఆఫీసుకు వెళ్ళవలసినవారికి ఆ తరువాతి బండే మేలని చెబుతాను. గేర్ల మధ్య ఆ కత్తి లాంటి పదును అందులో లేదు, కాని ట్రాఫిక్కుకు అది ఓర్చుకుంటుంది.

ఆ పదును కావాలని పట్టుబట్టినవాడు మా పిన్ని కొడుకు. పోయిన నెలలో వాడికోసం రెండు బండ్లు చూశాము. మొదటిది నిజాంపేటలో, 39,000 కిలోమీటర్లే తిరిగింది, రంగు కూడా తళతళలాడుతున్నది. యజమాని రోజూ దాంట్లోనే ఆఫీసుకు వెళతారు. ర్యాంపు మీద రివర్సు ఎక్కేటప్పుడు వెనక అద్దం బొమ్మ చెదిరిపోయేంతగా అదిరింది. రెండోది వనస్థలిపురంలో, 71,000 తిరిగింది, ముందు బంపరు మీద గీతలు. "నెలకు రెండు మూడుసార్లు విజయవాడ వెళ్ళి వస్తామండీ, ఊళ్ళోకి స్కూటరే" అన్నారు ఆ పెద్దాయన, ఫైలు నిండా బిల్లులు తీసి చూపిస్తూ. ర్యాంపు నిశ్శబ్దంగా ఎక్కింది. స్కానులో కోడ్లు లేవు, రీమ్యాప్ లేదు. తమ్ముడు ఆ సాయంత్రమే అడ్వాన్సు ఇచ్చాడు. యాజమాన్యం మార్చే 29, 30 ఫారాల మీద సంతకాలు అయ్యాక, మొదటి ప్రయాణం శ్రీశైలమేనని వాళ్ళమ్మకు ఫోను చేసి చెప్పాడు.