సెబాస్టియన్ దేవాలయం నేల కింద

రోమ్ నగరపు పాత కోటగోడను సెయింట్ సెబాస్టియన్ ద్వారం దగ్గర దాటి దక్షిణంగా వెళ్తే, క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ అనే అధికారి వేయించిన అప్పియన్ రహదారి మీద నడుస్తాము. నల్లని అగ్నిశిలలు పరచిన ఆ రహదారికి 2024లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. దాని పక్కనే సెయింట్ సెబాస్టియన్ బసిలికా ఉన్నది. ముందు మూడు తోరణాల వసారాతో, పెద్ద ఆర్భాటం లేకుండా కనిపించే ఆ దేవాలయం నేల కింద నాలుగు అంతస్తులుగా తవ్విన సమాధుల సొరంగాలు ఉన్నాయి. దేవాలయం సరిగ్గా కింద ఆ సొరంగాలలో చాలావాటికంటె పాతవైన మూడు సమాధి గృహాలు ఉన్నాయి. వాటికి పైన, సుమారు పదిహేడు వందల అరవై ఏళ్ళ కిందట మామూలు మనుషులు ఇనుప మొనలతో గీసిన రాతలు నిండిన ఒక గోడ ఉన్నది. నేను రోమ్ వెళ్ళినది ముఖ్యంగా ఆ గోడను చూడడానికి.

ఎందుకో చెప్పాలంటే మా ఊరి సంగతి కొంత చెప్పాలి. మాది ఒడిశాలోని బరంపురం. గంజాం జిల్లా పాఠశాలల్లో చరిత్ర బోధిస్తూ ఉద్యోగ జీవితమంతా గడిపాను. మా జిల్లాలో ఋషికుల్య నది ఒడ్డున జౌగడ వద్ద అశోకుని శిలాశాసనం ఉన్నది. క్రీ.పూ. 3వ శతాబ్దంలో సమాపా నగరంలోని అధికారులను ఉద్దేశించి, ‘మనుషులందరూ నా బిడ్డలే’ అని ఆ చక్రవర్తి చెక్కించిన మాటలు ఇప్పటికీ ఆ బండ మీద ఉన్నాయి. విద్యార్థులను అక్కడికి తీసుకొని వెళ్ళినప్పుడల్లా నా మనసులో ఒక కొరత ఉండేది. రాజు మాట్లాడినది రాయి మీద నిలిచింది. ఆ మాట విన్న రైతు, కుమ్మరి, పడవవాడు ఏమనుకున్నాడో చెప్పే గీత ఒక్కటి కూడా నిలవలేదు. ప్రాచీన కాలపు సామాన్యుడు తన చేతితో తానే రాసుకున్న మాట ఎక్కడైనా కనబడితే చూడాలన్న కోరిక అలా పుట్టినదే.

మా అమ్మాయి మిలాన్‌లో ఉద్యోగం చేస్తున్నది. ఆమె దగ్గరకు నేను, నా భార్య బయలుదేరుతున్నామని తెలిసి, మా వీధిలోనే ఉండే వదినగారు కూడా మాతో వచ్చారు. ఆవిడ కతోలిక విశ్వాసి. సెబాస్టియన్ పునీతుని సమాధి వద్ద ప్రార్థన చేయాలన్నది ఆవిడ చిరకాల కోరిక. బరంపురం నుంచి భువనేశ్వరం, అక్కడి నుంచి ఢిల్లీ, ఆపైన మిలాన్, రోమ్ వరకు సాగిన ప్రయాణంలో చెప్పదగినది ఏమీ లేదు. రోమ్‌లో 118వ నంబరు బస్సు ఎక్కి ఉదయాన్నే సమాధుల వద్ద దిగాము.

కిందికి దిగేవారిని చిన్న బృందాలుగా, మార్గదర్శి వెంట మాత్రమే పంపుతారు. మా వంతు వచ్చేలోగా పై దేవాలయాన్ని చూశాము. 4వ శతాబ్దం తొలి భాగంలో, కాన్‌స్టంటైన్ చక్రవర్తి కాలంలో ఇక్కడ లేచిన మొదటి దేవాలయం, క్రీస్తు బోధను తొలుత ప్రచారం చేసిన అపొస్తలులైన పేతురు, పౌలుల పేరు మీద వెలిసింది. సెబాస్టియన్ పేరు తరువాత వచ్చినది. ఇప్పుడు కనిపించే రూపాన్ని 17వ శతాబ్దం ఆరంభంలో కార్డినల్ షిపియోనె బోర్గేజె ఇప్పించాడు. ఎడమవైపు చిన్న ఆలయంలో, పూతపూసిన బాణాలు శరీరంలో దిగి వాలిపోయిన సెబాస్టియన్ పాలరాతి విగ్రహం ఉన్నది. దానిని జుసెప్పె జార్జెట్టి చెక్కాడు. కుడివైపు బెర్నీని అనే శిల్పి తన జీవిత చరమాంకంలో, 1679లో, తల నుంచి ఛాతీ వరకు చెక్కిన క్రీస్తు విగ్రహం ఉన్నది. ఎక్కడ ఉన్నదో తెలియకుండా పోయిన ఆ విగ్రహాన్ని 2001లో ఇక్కడి మఠంలోనే గుర్తించారు. కళాచరిత్ర తెలిసినవారు దాని ముందు చాలాసేపు నిలబడతారు. నేను నిలబడలేదు, నా మనసు కింద ఉన్నది.

మెట్లు దిగుతున్నకొద్దీ చలి పెరుగుతుంది. చల్లని మట్టి వాసన వస్తుంది. గోడలు టఫ్ అనే అగ్నిపర్వత శిల. తవ్వేటప్పుడు మెత్తగా ఉండి, గాలి తగిలిన తరువాత గట్టిపడే గుణం దానికి ఉన్నందువల్లనే ఇన్ని సొరంగాలు సాధ్యమయ్యాయి. నగరం లోపల శవాలను పూడ్చడం, దహనం చేయడం రోమన్ చట్టం నిషేధించినది; అందువల్ల ధనికుల సమాధులు, పేదల సమాధులు అన్నీ కోట బయట రహదారుల వెంటనే ఉండేవి. క్రైస్తవులు తమ మృతులను దహనం చేయక భూమిలో ఉంచేవారు. నేల ఖరీదు, స్థలం కొద్ది, మృతులు ఎక్కువ. కనుక కిందికి తవ్వుకుంటూ పోయారు. ఫాస్సర్లు అనే తవ్వకపు పనివారు నూనె దీపాల వెలుగులో గునపాలతో ఈ పని చేశారు. ఇరుకైన నడవాకు రెండు వైపులా గోడలో అడ్డంగా తొలిచిన అరలు రైలు పెట్టెలోని బెర్తుల వలె ఒకదానిపై ఒకటి ఉంటాయి. శవాన్ని బట్టలో చుట్టి లోపల ఉంచి, పెంకులతోనో పాలరాతి పలకతోనో మూసి, సున్నంతో అతికేవారు.

ఆ అరల్లో చాలా వాటి పొడవు మూరెడు, మూరెడున్నర మాత్రమే. నా భార్య ఒక అర ముందు ఆగి, “ఏమండీ, ఇవన్నీ పసిబిడ్డలవేనా?” అని అడిగింది. అవునన్నాను. ఆ కాలపు రోమ్‌లో పుట్టిన బిడ్డల్లో ఎందరో ఐదేళ్ళు నిండకుండానే పోయేవారు. ఒక రాజవంశపు పతనాన్ని చదివినప్పుడు కలగని దుఃఖం ఆ చిన్న అరలను చూసినప్పుడు కలిగింది. పెద్దల అరలకు నడుమ, మిగిలిన జానెడు చోటును కూడా వదలకుండా, ఎవరో తల్లిదండ్రులు తమ బిడ్డకు స్థలం చేసుకున్నారు.

క్రైస్తవులు హింసకు భయపడి ఈ సొరంగాల్లో దాక్కొని నివసించారని చాలామంది నమ్ముతారు; నేను కూడా విద్యార్థి దశలో అలాగే విన్నాను. మార్గదర్శి ఆ నమ్మకాన్ని స్పష్టంగా కాదన్నారు. ఇవి ఎక్కడున్నవో ప్రభుత్వానికి తెలుసు. గాలి, నీరు, వెలుతురు లేని ఈ నడవాల్లో వేలమంది బతకడం కుదిరే పని కాదు. ఇవి శ్మశానాలు, మృతులను తలచుకొని ప్రార్థించిన స్థలాలు. ఈ మాట ప్రతి పాఠ్యపుస్తకంలోనూ ఉండాలని నా అభిప్రాయం. దాక్కున్న చోటు అన్నప్పుడు మనకు భయం ఒక్కటే కనిపిస్తుంది. శ్మశానం అన్నప్పుడు వారి కుటుంబాలు, వృత్తులు, పేర్లు అన్నీ కనిపిస్తాయి.

సెబాస్టియన్ సమాధి ఉన్న గది చిన్నది. డయొక్లీషియన్ చక్రవర్తి కాలంలో ప్రాణత్యాగం చేసిన ఈయన మిలాన్‌కు చెందినవాడని 4వ శతాబ్దపు బిషప్ ఆంబ్రోస్ రాశాడు. మా అమ్మాయి ఉంటున్న ఊరివాడన్నమాట. బాణాలకు ఆయన చనిపోలేదని, ఐరీన్ అనే వితంతువు సేవ చేసి బతికించగా మళ్ళీ చక్రవర్తి ఎదుటికి వెళ్ళి నిలదీశాడని, అప్పుడు దుడ్డుకర్రలతో కొట్టి చంపారని తరువాతి కాలపు గాథ చెబుతుంది. ఆయన అస్థికలను 9వ శతాబ్దంలో రక్షణ కోసం వాటికన్‌లోని పేతురు దేవాలయానికి తరలించారు. 1218లో తిరిగి ఇక్కడికి తెచ్చారు. ఇప్పుడు అవి పై దేవాలయంలో, ఆ పాలరాతి విగ్రహం ఉన్న పీఠం కింద ఉన్నాయి. మధ్యయుగాల్లో రోమ్‌లోని తక్కిన భూగర్భ శ్మశానాలను లోకం దాదాపుగా మరచిపోయినా, ఈ ఒక్క చోటికి యాత్రికుల రాక ఆగలేదు. వదినగారు ఆ గదిలో మోకరిల్లి తెలుగులో జపమాల చెప్పుకున్నారు. మార్గదర్శి ఎంతో మర్యాదగా ఆగారు.

అక్కడి నుంచి దేవాలయం సరిగ్గా కింద ఉన్న పల్లపు వాకిలికి వచ్చాము. మొదట ఇది ఇసుక గని. కట్టడాల్లో సున్నానికి కలిపే పొజొలానా అనే అగ్నిపర్వత ఇసుకను ఇక్కడ తవ్వేవారు. గని పైకప్పు కూలిన తరువాత ఆ గుంటను చదును చేసి, 2వ శతాబ్దంలో మూడు సమాధి గృహాలు కట్టారు. ఎర్రని ఇటుకతో, గడప, ద్వారబంధం, పైన ముక్కోణపు కొప్పు అన్నీ అమర్చిన ఆ ముందు గోడలు నిన్న కట్టినంత నిండుగా ఉన్నాయి. మొదటిదానిపై మార్కస్ క్లోడియస్ హెర్మెస్ అన్న పేరు పాలరాతిపై ఉన్నది. దాని పై భాగాన విందు దృశ్యం చిత్రించి ఉన్నది. మూడోదాని ముందు గోడపై వడ్రంగి బాడిస వంటి పనిముట్టు చెక్కి ఉన్నది. లోపల గారతో తీర్చిన ద్రాక్షతీగ పాకుతున్నది. నడుమనున్న దానిలో ‘చేప’ అనే గ్రీకు మాట గీసి ఉన్నది; అది క్రీస్తుకు సంకేతం. అంటే రోమన్ దేవతలను కొలిచినవారు కట్టించుకున్న ఇళ్ళలోకే క్రమంగా క్రైస్తవులు వచ్చారు. పాతవారిని బయటకు తోయకుండా పక్కనే చోటు చూసుకున్నారు.

3వ శతాబ్దం నడుమ ఈ గుంటను మట్టితో నింపేశారు. ఆ మట్టే ఈ రంగులను, ఈ గారను కాపాడింది. 1915లో మొదలైన తవ్వకాలు వాటిని తిరిగి వెలుగులోకి తెచ్చాయి. నింపిన మట్టి పైన ఒక వసారా కట్టారు. గోడవారగా అరుగులు, ఎర్రరంగు పూసిన గోడ. దానిని ట్రిక్లియా అంటారు. నేను చూడదలచిన గోడ అదే. తరువాత దేవాలయం కట్టేటప్పుడు ఆ వసారాను పడగొట్టగా మిగిలిన భాగమే నేడు కనిపిస్తుంది.

ఆ గోడ మీద ఆరు వందలకు పైగా రాతలు ఉన్నాయి. ఎక్కువ లాటిన్, కొన్ని గ్రీకు. అక్షరాలు వంకరపోయాయి, ఒకదానిపై ఒకటి ఎక్కాయి, వర్ణక్రమం తప్పినవి ఎన్నో. ‘పౌలూ, పేతురూ, విక్టరు కోసం వేడుకోండి’ అని ఒకరు గీశారు. ‘పేతురు, పౌలుల పేర టోమియస్ కోలియస్ అనే నేను రెఫ్రిజేరియం చేశాను’ అని మరొకరు గీశారు. రోమన్లు ఏడాదిని ఆ ఏటి కాన్సుళ్ళు అనే ఇద్దరు ఉన్నతాధికారుల పేర్లతో చెప్పేవారు; ఒక రాతలోని కాన్సుళ్ళ పేర్లను బట్టి అది క్రీ.శ. 260 నాటిదని తెలుస్తున్నది. రెఫ్రిజేరియం అంటే మృతుల పేర సమాధి వద్ద కూర్చొని చేసే భోజనం. వలేరియన్ చక్రవర్తి క్రైస్తవులను హింసిస్తున్న 258లో అపొస్తలుల అస్థికలను వారి అసలు సమాధుల నుంచి కొంతకాలం ఇక్కడికి తెచ్చి దాచారని కొందరు పండితులు అంటారు. తేలేదని, ఇక్కడ వారి జ్ఞాపకార్థం పండుగ మాత్రమే జరిగేదని మరికొందరు అంటారు. 354 నాటి రోమన్ పంచాంగంలో జూన్ 29న ఇక్కడ పేతురు స్మరణ జరిగేదని, 258 నాటి కాన్సుళ్ళ పేర్లతో సహా, రాసి ఉన్నది. ఈ వివాదం తెగకపోయినా నాకు కొరతగా తోచలేదు. ఆ అరుగుల మీద కూర్చొని భోజనం చేసి, లేచేముందు గోడ మీద తమవారి పేరు గీసి వెళ్ళినవారి విషయంలో వివాదం ఏమీ లేదు.

మార్గదర్శి చెప్పినది మా అమ్మాయి తెలుగులో చెప్పగానే, నా భార్య, “మనం మహాలయ పక్షంలో పెద్దలకు పెట్టుకున్నట్టే కదా” అన్నది. వదినగారు, “మేమైతే నవంబరు 2న, ఆత్మల పండుగ నాడు, సమాధులకు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తాము. మా అమ్మ బతికి ఉన్నన్నాళ్ళూ ఆ రోజున నాన్నకు ఇష్టమైన వంట చేసి పదిమందికి పెట్టేది, అన్నయ్యగారూ. అది మన ఊరి ఆచారమనుకున్నాను, ఇంత పాతదని అనుకోలేదు” అన్నారు. ఆవిడ గొంతు గద్గదమైనది. రోమన్ దేవతల కాలం నుంచి వచ్చిన ఆ భోజనాన్ని క్రైస్తవులు విడిచిపెట్టలేదు. పేదలకు పెట్టడం దానికి చేర్చుకున్నారు. తరువాతి కాలంలో కొందరు బిషప్పులు దానిని ఆపించడానికి ప్రయత్నించారు. మిలాన్‌లో ఆంబ్రోస్ నిషేధించినందువల్లనే తన తల్లి మోనికా సమాధుల వద్దకు రొట్టె, ద్రాక్షరసం తీసుకువెళ్ళడం మానుకున్నదని ఆ కాలపు క్రైస్తవ రచయిత అగస్టీన్ స్వయంగా రాసుకున్నాడు.

జౌగడ బండ ముందు నాకు కలిగిన కొరత ఈ గోడ ముందు తీరిందని చెప్పగలను. అక్కడ ఒక చక్రవర్తి తన ప్రజల మేలు కోరి మాట్లాడాడు. ఆ మాటకు నేను ఎన్నటికీ విలువ ఇస్తాను. ఇక్కడ విక్టరు ఎవరో, అతని కోసం గీసినవారు భార్యో తమ్ముడో స్నేహితుడో చరిత్ర గ్రంథం ఏదీ చెప్పదు. అయినా అతని క్షేమం కోరిన ఒక మనిషి అక్షరాలు సరిగా రాకపోయినా ఊరుకోలేకపోయాడు. మన పల్లెల్లో వీరగల్లుల మీద, గుడి మెట్ల మీద ఉన్న సామాన్యుల పేర్లను కూడా ఇంతే శ్రద్ధగా చదివి, అద్దాల వెనుక కాపాడి, పిల్లలకు చూపించవలసి ఉన్నది. గంజాం, గజపతి జిల్లాల్లో అలాంటి పేర్లు సున్నపు పూతల కింద ఎన్నో మాయమవుతున్నాయి.

మన వైపు నుంచి వెళ్ళేవారికి కొన్ని మాటలు. వేసవిలోనైనా శాలువా వెంట ఉంచుకోవాలి. మెట్లు తడిగా ఉంటాయి కనుక మోకాళ్ళ నొప్పులు ఉన్న పెద్దలు కర్ర తీసుకొని వెళ్ళాలి. లోపల ఫొటోలు తీయనివ్వరు. ఆదివారం ఈ సమాధులు, బుధవారం దగ్గరలోనే ఉన్న కాలిస్టస్ సమాధులు మూసి ఉంటాయని మాకు చెప్పారు. బయలుదేరేముందు విచారించుకోవడం మంచిది. అన్నిటికంటె ముఖ్యమైనది, బృందాలను ట్రిక్లియా గోడ దగ్గర రెండు నిమిషాలకు మించి ఆపరు. మార్గదర్శిని ముందుగానే అడిగితే విక్టరు పేరున్న రాతను వేలితో చూపిస్తారు. మేము అడిగాము, చూపించారు.